ఏ చేతి పిండి

ఇషర్ కౌర్‌కి ఒళ్ళు మండిపోతోంది. వేళ్ళకంటిన పిండి ఇంకా ఆరలేదు. పర్తాప్ కౌర్ అన్న మాట చెవుల్లోనే ఉంది.

"లే, ఆ పళ్ళెం ముందునుంచి లే. తోళ్ళు కుట్టే ఇంటి పిల్ల పిసికిన పిండితో రొట్టెలా? అంట్లున్నాయిగా, పోయి తోముకో."

గురుద్వారాలో ఊరంతా ఒకే బంతిలో కూర్చుని తినే లంగరు భోజనం అది. దానికి గోధుమలు పర్తాప్ కౌర్ భర్త పొలాలనుంచే వస్తాయి. వంటశాల నిండా ఆడవాళ్ళే. అందరూ తలలు వంచుకుని రొట్టెలు ఒత్తుతూనే ఉన్నారు.

ఇషర్ తిన్నగా గురుద్వారా పెద్ద బాబా లఖ్మీర్ సింగ్ దగ్గరికి వెళ్ళింది. ఆమెకు అక్షరాలు దిద్దించి, గురువాణి చదవడం నేర్పింది ఆయనే.

"బాబాజీ, ఇక్కడ అందరూ ఒకటేనని మీరేగా చెప్పారు! అది అబద్ధమైతే ఇప్పుడే చెప్పెయ్యండి. ఈ గడప మళ్ళీ తొక్కను."

ముసలాయన లేచి అంట్ల దగ్గరికి నడిచాడు. గుప్పెడు బూడిద తీసుకుని, మసిబారిన గుండిగ ముందేసుకుని తోమసాగాడు.

లోపల ప్రార్థన ముగిసింది. గోధుమపిండితో చేసిన హల్వా ప్రసాదం సిద్ధంగా ఉంది. పంచాల్సిన బాబా లేడు. వెతుక్కుంటూ జనం వచ్చారు, అందరికంటే ముందు పర్తాప్ కౌర్.

"అయ్యో బాబాజీ, మీకెందుకీ పని? లేవండి, అందరూ ప్రసాదం కోసం చూస్తున్నారు!"

"ఏళ్ళ తరబడి ఈ పిల్ల ఇంటి రొట్టె తింటున్నాను తల్లీ. నీ లెక్కన నా చేతులూ పిండికి పనికిరావు. హల్వా కూడా పిండేగా."

ఆయన గొంతు పెంచలేదు. పెంచకుండా మాట్లాడితేనే ఊరికి ఆయనంటే భయం.

"మరి ఎవరు పంచుతారు?" అన్నారెవరో.

"నేను కాదు." మళ్ళీ గుండిగ మీదికి వంగాడు.

లోపల హల్వా మీద నెయ్యి పేరుకుంటోంది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. బాబా పంచందే ఆ గిన్నె ముట్టుకునేవారు లేరు.

చివరికి పర్తాప్ కౌర్ విసవిసా వంటశాలలోకి వెళ్ళింది. పిండి పళ్ళెం రెండు చేతులా ఎత్తుకొచ్చి ఇషర్ ముందు దించింది.

"కలుపు," అంది. ముఖం పక్కకే తిప్పుకుని ఉంది.

బాబా చేతులు కడుక్కున్నాడు. లోపలికి వెళ్తూ ఇషర్ దగ్గర ఆగాడు.

"కోపం తగ్గిందా బిడ్డా?"

"లేదు బాబాజీ."

"ఉండనీ, పనికొస్తుంది. పిండి గట్టిగా ఉంది."