రాజు భుజాల కొలత

పాత కోటకు సొరంగం ఒక్కటే. గుట్టు బయటపడకూడదని, ఆ దారి తెలిసిన మేస్త్రీని సభామండపం గోడలో బతికుండగానే పెట్టి కట్టేశారు. ఇప్పటికీ ఆ గోడలో ఏదో గోకుతున్న చప్పుడు వినిపిస్తుంది.

కొత్త కోటకు ముప్పై సొరంగాలు తవ్వారు. "సొరంగానికొకడు. ముప్పైమందిని గోడలో పెడితే చాలు" అని మంత్రి రాజుకు అంచనా చెప్పాడు.

పాత కోట మేస్త్రీ కూతురు సుంకులమ్మ ఇప్పుడు అక్కడ రాళ్లు కొడుతోంది. "విడివిడిగా ఉంటే ఆ లెక్క సరే మారాజా. ఇవన్నీ ఒకదాంట్లోకొకటి కలుస్తాయి. ఒక్కదాంట్లో దిగితే అన్ని దారులూ తెలిసిపోతాయి. లెక్కేస్తే, దిగిన ప్రతివాణ్ణీ గోడలో వేయాలి."

"అయితే అందరినీ వేయండి!" అన్నాడు రాజు.

సుంకులమ్మ కొలతాడు తీసి రాజు భుజాల మీద పరిచింది. "గోడ వెడల్పు చూసుకోవాలి. నిన్న తమరూ దిగారు కదా?"

"పూడ్చెయ్యండి! అన్నీ పూడ్చెయ్యండి!" రాజు తాడు విదిలించుకున్నాడు.

పాత కోట గోడలో గోకుడు ఆగిపోయింది.