దొరకని సైదులు

మతి చెదిరినవాళ్లను చేరదీసే దర్గా అది. అక్కడి పాత రిజిస్టర్లన్నీ ఏనాడో కంప్యూటర్లోకి ఎక్కించారు. ఎవరైనా తమవాళ్లను వెతుక్కుంటూ వస్తే పేరు చూసి చెప్పే పని మూడేళ్లుగా జిలానీది. గఫార్ బాబా శిష్యుల్లో కంప్యూటర్ తెలిసినవాడు అతనొక్కడే.

ఆ పొద్దున మాచర్ల నుంచి గురవమ్మ వచ్చింది. పన్నెండేళ్ల కిందట తప్పిపోయిన తమ్ముడు సైదులు ఇక్కడ ఉండేవాడని ఎవరో చెప్పారట.

జిలానీ వెతికాడు. రాలేదు. సైదులు, సయిదులు, సైదయ్య, ఎలా రాసి ఉన్నా పట్టుకునేలా ఒక ప్యాటర్న్ రాశాడు. రాలేదు. పాత ఫైళ్లలో అక్షరాల కోడ్ వేరేమోనని అన్నిటినీ కొత్త కోడ్‌లోకి మార్చాడు. ప్యాటర్న్ తొమ్మిదోసారి తిరగరాశాడు. అన్నానికి కూడా లేవలేదు. చివరికి విసురుగా బయటికొచ్చాడు.

"లేడమ్మా. ఉంటే దొరికేవాడు."

గురవమ్మ వరండాలోనే కూలబడింది. అది చూసి బాబా జిలానీని లోపలికి తీసుకెళ్లాడు.

"గట్టిగా చూశావా?"

"తొమ్మిదిసార్లు చూశాను బాబా. ఇంకేం చెయ్యమంటారు?"

బాబా ఒకప్పుడు ప్రెస్సులో కంప్యూటర్ మీద తెలుగు టైపు చేసినవాడు. జిలానీ కుర్చీలో కూర్చుని, ఆనాటి ఫైలు తెరిచి ఒక్కో పేరే చదవసాగాడు.

"నాలుగు వేల పేర్లు బాబా," అన్నాడు జిలానీ, ఒళ్లు మండి.

బాబా తర్వాతి పేరుకు వెళ్లాడు. సాయంత్రపు నమాజుకు ముందు ఆయన వేలు ఒకచోట ఆగింది.

సైదులు, మాచర్ల. నయమైంది. ఒంగోలు బస్టాండు దగ్గర బేకరీలో పనికి చేరాడు.

జిలానీ వెంటనే మళ్లీ వెతికించాడు. లేదనే వచ్చింది.

"ఎదురుగా కనిపిస్తుంటే లేదంటుందేంటి బాబా ఇది?"

"నువ్వు కొట్టిన సై ఉంది కదా. దాన్ని వెనకనుంచి ఒక్కసారి చెరుపు."

చెరిపాడు. స మిగిలింది.

"ఇప్పుడు రిజిస్టర్లో సై."

చెరిపాడు. సె మిగిలింది.

జిలానీ ఆ రెండక్షరాలనూ మార్చి మార్చి చూశాడు. పాత ఫైల్లో ఐత్వానికి ఎత్వం వేరు, దాని కింది తోక వేరు. రెండు ముక్కలు. తను వెతికింది ఒకే ముక్కగా. కంటికి ఒకటే, కంప్యూటర్‌కు వేరు.

గురవమ్మను పిలిచి ఆ వరుస చదివి వినిపించాడు. ఆమె రెండోసారి చదివించుకుంది. కాగితం మీద రాయించుకుని, ఒంగోలు బస్సు కోసం గబగబా వెళ్లిపోయింది.

బాబా కుర్చీ ఖాళీ చేశాడు.

"ఈ మూడేళ్లలో ఐత్వమున్న పేర్లు అడిగిన ఎంతమందికి లేరని చెప్పి పంపావు?"

జిలానీకి పోయిన నెల వచ్చిన ముసలాయన గుర్తొచ్చాడు. కూతురి కోసం వచ్చాడాయన. ఆ పిల్ల పేరు మైమూన్.