మేము అనే మహారాజు

ఇది నమ్మనివాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు. మధ్యలో పెదవి విరిచినా, పక్కవాడిని మోచేత్తో పొడిచినా ఊరుకునేది లేదు. చెప్పబోయేది అక్షరాలా జరిగింది. వినేవాళ్ల గుండెలు తట్టుకోవాలి కదా అని కాస్త తగ్గించి చెప్పడమే తప్ప, ఇందులో పెంచింది ఆవగింజంత లేదు.

ఒకానొక రాజ్యం. గుర్రం మీద బయలుదేరితే ఆ చివరికి చేరేలోపు గుర్రం ముసలిదైపోయేది, అంత రాజ్యం. దానికి ఉద్దండ భూపాలుడు రాజు. ఆయన బిరుదులు చదవడం మొదలుపెడితే పొయ్యి మీది ఎసరు మరిగి, అన్నం ఉడికి, చల్లారి, చద్దన్నం కూడా అయ్యేది. వాటిల్లో ఆయనకు ప్రాణమైన బిరుదు 'సర్వతంత్ర స్వతంత్రుడు'. అంటే ఎవరితోనూ పని లేనివాడు, ఎవరి జతా అక్కర్లేనివాడు అని ఆయన చెప్పుకున్న అర్థం. అందుకే ఆయన నోట 'మనం' అన్న మాట వచ్చేది కాదు. ఎప్పుడూ 'మేము'. పడుకున్నా మేము పడుకున్నాం, తుమ్మినా మేము తుమ్మాం.

ఒక వానాకాలం ఆయన వేటనుంచి పల్లకీలో తిరిగివస్తుంటే వాగు పొంగింది. ఏనుగులు గడ్డిపోచల్లా కొట్టుకుపోతున్నాయి. తక్కిన బోయీలు పల్లకీ కొమ్ములు వదిలేసి చెట్లెక్కేశారు. పోలన్న అనే బోయీ ఒక్కడే పల్లకీని రాజుతో సహా నెత్తికెత్తుకుని, మెడలోతు నీళ్లలో నడిచి, అడ్డొచ్చిన మొసలిని మోకాలితో పక్కకు నెట్టి, అవతలి గట్టుకు చేర్చాడు. పల్లకీ దించి, ముఖం తుడుచుకుని, ఆ సంబరంలో అన్నాడు:

"మనం దాటేశాం ప్రభూ."

రాజు ముఖం జేవురించింది. "మనం ఏమిటిరా? దాటింది మేము. నువ్వు మోశావు."

మర్నాడు సభ ముగియగానే పోలన్నను రాజ్యంనుంచి వెళ్లగొట్టాలనీ, ఆలుబిడ్డలు వెంట వెళ్లకూడదనీ ఆజ్ఞ అయింది. రాజుతో తనను కలుపుకున్నవాడికి ఇంక కలిసి బతికేందుకు ఎవరూ మిగలకూడదట.

ఆ ఆస్థానంలో దమ్మన్న అని ఒక హాస్యకవి ఉండేవాడు. ఆయన మాట విసిరితే గోడమీది బల్లి నవ్వి నవ్వి జారిపడేది. పోలన్న భార్య ఆయన గుమ్మం ముందుకు వచ్చి, ఏమీ అడగకుండా నిలబడింది. ఏదైనా అడిగితే ఏదో ఒకటి చెప్పి పంపేవాడే. అడగకపోయేసరికి దమ్మన్న తింటున్న అన్నం వదిలేసి లేచాడు. చెయ్యి కడుక్కుని నేరుగా సభకు నడిచాడు.

అక్కడ ఒక పందెం వేశాడు. సభ ముగిసేలోపు మహారాజు తన నోటితో తానే ఇంకొకరిని తనతో కలుపుకుంటే పోలన్నను వదిలెయ్యాలి. లేదంటే పోలన్నతోపాటు దమ్మన్న కూడా పొలిమేర దాటాలి. రాజు సింహాసనం మీద సర్దుకు కూర్చున్నాడు.

"అంగీకరించాం."

దమ్మన్న గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, ఈ రాజ్యం ఎవరిది?"

"మాది."

"పోయినేడు యుద్ధంలో గెలిచిందెవరు?"

"మేము. సైన్యం చూస్తూ నిలబడింది."

పాపం సేనాపతి తల దించుకున్నాడు. దమ్మన్న రాజును పొగిడాడు, కవ్వించాడు, చిన్ననాటి స్నేహితులను గుర్తు చేశాడు. ఒక్క వలలోనూ పడలేదు మహారాజు. సభ ముగిసే వేళ దగ్గరపడింది. నగారా మోగించేవాడు కర్ర చేతికి తీసుకున్నాడు. దమ్మన్న గుండె ఆ నగారాకంటే ముందే మోగడం మొదలుపెట్టింది. పైకి మాత్రం తేలిగ్గా నవ్వి, ఉత్తరీయం దులిపి భుజాన వేసుకుని, రాజు కళ్లలోకి సూటిగా చూశాడు.

"ఎంత గింజుకున్నా మీరు నన్ను తప్పించుకోలేరు ప్రభూ. ఆ కర్ర నగారా మీద పడేలోపు మిమ్మల్ని ఓడిస్తాను."

రాజు మీసం మెలేశాడు. "ఓహో. సరే, చూద్దాం."

దమ్మన్న వంగి నమస్కరించాడు. "ధన్యుణ్ణి ప్రభూ. కలుపుకున్నారు."

"ఎవరిని?"

"నన్నే. తమరొక్కరే చూసేటట్టయితే 'చూస్తాం' అనాలి. 'చూద్దాం' అన్నారు. అంటే తమరూ నేనూ కలిసి."

"నిన్ను కలుపుకునే మాట మేము అననే లేదు కదయ్యా."

"అయితే ఆ 'చూద్దాం' ముందు 'మేము' పెట్టి చెప్పండి ప్రభూ."

రాజు నోరు తెరిచాడు. "మేము... చూ..." అని ఆగాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగాడు. ఏడు భాషల్లో శత్రువులను తిట్టిన నాలుక అది, ఆ రెండు మాటలను ఒకచోట కూర్చోబెట్టలేకపోయింది. సభలో ప్రతివాడూ గుసగుసగా అదే అనుకుని చూసి, మూతి మూసుకుని నవ్వుతున్నాడు.

"అయితే వ్యాకరణంతో మమ్మల్ని కట్టేశావన్నమాట," అన్నాడు రాజు. గొంతులో కోపమూ ఉంది, కుతూహలమూ ఉంది.

"కట్టెయ్యలేదు ప్రభూ. కట్టేసినవాడితో కుస్తీ పట్టి గెలిచానని ఎవరూ మీసం తిప్పరు. ఎదురు తిరగగలిగినవాడు ఒకడు కావలసి వచ్చాడు తమకు, అందుకే 'చూద్దాం' అని నన్ను పిలుచుకున్నారు. సర్వతంత్ర స్వతంత్రుడని మిమ్మల్ని పొగిడేవాళ్లంతా కాదనే వీలు లేనివాళ్లే అయితే, ఆ పొగడ్త ఏ చిలక పలికినా ఒకటే. తమ స్వాతంత్ర్యాన్ని చూసి మెచ్చుకోవడానికైనా ఇంకో స్వతంత్రుడు ఉండాలి కదా."

సభలో గాలి ఆగిపోయింది. గాలే కాదు, బయట కోటమీది జెండా కూడా వాలిపోయింది. కాసేపటికి రాజు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది. ఆ నవ్వుకు కోట బురుజుల మీది పావురాలు ఎగిరి మూడు రాజ్యాల అవతల వాలాయి.

పోలన్నను విడిపించి తెచ్చారు. రాజు అతణ్ణి తేరిపార చూసి, ఆజ్ఞ ఇవ్వడం మానేసి అడిగాడు: "మళ్లీ మా పల్లకీ మోస్తావా?"

పోలన్న భుజం రుద్దుకున్నాడు. "ఇప్పుడు మొయ్యను ప్రభూ. నొప్పిగా ఉంది."

మంత్రులు కళ్లు మూసుకున్నారు.

"తగ్గాక?"

"తగ్గాక అడగండి ప్రభూ, చెబుతాను."

రాజు మరింత గట్టిగా నవ్వి, మెడలో హారం తీసి పోలన్న నొప్పిలేని భుజాన వేశాడు. అతని భార్య బయట ఎదురుచూస్తోందని తెలిసి, ముందు ఇంటికి పొమ్మన్నాడు. దమ్మన్నను ఏం కావాలో కోరుకోమన్నాడు. రాజుకు ఎదురుగా కూర్చుని ఆయన మాట కాదనడానికి తనకొక పీట కావాలన్నాడు దమ్మన్న. రాజు ఏనుగు బరువు బంగారంతో పీట చేయించాడు. దాన్ని జరపడానికి నలభైమంది కావలసి వచ్చింది.

నమ్మకం కుదరనివాళ్లు వెళ్లి, ఆ రోజు సింహాసనం వెనక వింజామర వీచినావిడను అడగండి. నవ్వాపుకోలేక వింజామర పిడి రాజుగారి చెవిలో గుచ్చింది ఆవిడే. పేరు ముత్తసాని.