విస్తరి అంచున కరివేపాకు

అనగా అనగా ఒక రాజుండేవాడర్రా. ఊ కొట్టకపోతే కథ ఆపేస్తా, ముందే చెబుతున్నా. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణీ నడిపివాణ్ణీ ఓ మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయి రాళ్లు చేసేశాడు. చిన్నవాడు వసుకేతుడు అన్నల్ని తెస్తానని బయల్దేరాడు. పడవవాళ్లెవరూ రామన్నారు. పాపం, ఒడ్డున కూలబడి ఏడ్చాడు.

"ఎందుకు నాయనా ఏడుపు? నా వీపెక్కు," అంది ఓ ముసలి తాబేలు.

ఎక్కాడు. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు... ఏడూ దాటారు. ఎండకి వాడు సొమ్మసిల్లితే అదే నీళ్లు చిలకరించింది. ఆకలేస్తే అదే చేపలు పట్టి పెట్టింది. "ఆ మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంది, ఆ చిలకకి జామపండంటే పిచ్చి," అని గుట్టు విప్పిందీ అదే. వసుకేతుడు జామపండు ఆశచూపి చిలకని పట్టి పీక నులిమాడు. మాంత్రికుడు దబ్బున కూలాడు. అన్నలు లేచారు, చెరలో ఉన్న రాజకుమారి నీలవేణి బయటపడింది. అందర్నీ తాబేలే మోసుకొచ్చింది.

ఆ దేశంలో అప్పట్లో ఎవర్నైనా మెచ్చుకోవాలంటే "నువ్వు కరివేపాకువి" అనేవారు. అది పడందే చారుకి వాసనేది మరి!

"అవ్వా, నువ్వు నా కరివేపాకువి. నీలవేణితో నా పెళ్లికి రా, నా పక్కనే నీకు పీట వేయిస్తా," అన్నాడు వసుకేతుడు, తాబేలు మెడ కావలించుకుని.

తాబేలు నడక తెలుసుగా! మూడు రోజులు నడిచి, దుమ్ము కొట్టుకుపోయి, సరిగ్గా పెళ్లి భోజనాల వేళకి వచ్చింది. తాబేలు వచ్చిందని కావలివాడు వసుకేతుడి చెవిలో చెప్పాడు. మామగారి ఎదుట వసుకేతుడికి సిగ్గేసింది.

"గుమ్మం దగ్గరే ఉండమను. తర్వాత చూద్దాం," అంటూ చారన్నంలో కరివేపాకు ఏరి విస్తరి అంచున పెట్టాడు.

గుమ్మంలోంచే తాబేలు ఆ చెయ్యి వంక చూసింది. "కరివేపాకంటే ఇదా నాయనా," అని వెనుదిరిగింది.

కావలివాడు ఆ మాట చెబితే వసుకేతుడికి ముద్ద దిగలేదు. గుర్రమెక్కితే గడియలో అందుకునేవాడే. కానీ ఆ రోజు చుట్టాలు. రేపు వెళ్దాంలే అనుకున్నాడు. మర్నాడు ఊరేగింపు. రేపు వెళ్దాంలే. మూడోనాడు విందు. రేపు తప్పకుండా వెళ్దాంలే. నాలుగోనాడు వెళ్తే ఇసకలో అడుగుల జాడ నీళ్లదాకా ఉంది. అంతే.

"అవ్వా! తప్పయిపోయింది, రా అవ్వా!" అని గొంతు పోయేలా అరిచాడు. రాలేదు.

తర్వాత రాజయ్యాడు, నీలవేణితో చల్లగా చాలాకాలం ఏలాడు. కావలివాడి నోట పడ్డ మాట మాత్రం ఊరంతా పాకింది. అవసరం తీరాక పక్కన పెట్టేసినవాళ్లని "కరివేపాకులా తీసేశారు" అనడం మొదలుపెట్టారు. మెప్పుమాట కాస్తా ఇలా అయిపోయింది. ఎవరన్నా ఆ మాటంటే రాజు తలొంచుకునేవాడు. రోజూ పక్కన పీట వేయించి, తన విస్తట్లో కరివేపాకు ఒక్కటీ వదలకుండా నమిలి తినేవాడు. పీట ఖాళీగానే ఉండేది.

ఏమర్రా, మీ కంచాల అంచున ఏమిటవి? తినండి.