ఇంటికి ఒక్క నెమలి

ఎండాకాలం మధ్యాహ్నం ఇప్పచెట్ల అడవిని ఎప్పుడైనా చూశారా? ఆకు కదలదు. నీడలు కూడా కళ్ళు మూసుకుంటాయి. ఎక్కడో ఒక గువ్వ తనలో తనే గొణుక్కుంటూ ఉంటుంది. ఆ వేళప్పుడు అక్కడి జంతువులు ఇంటికి నాలుగైదు నెమళ్ళను పెట్టుకుని, పింఛాలతో విసిరించుకుంటూ కునికేవి. పాపం, ఎండలు ముదిరేసరికి నెమళ్ళు సొమ్మసిల్లిపోయేవి.

చూసి చూసి ఏనుగు పెద్దమ్మ చలికాలంలోనే ఇళ్ళు కట్టేవాళ్ళను పిలిపించింది.

"వచ్చే రోహిణి కార్తె నుంచి కొత్త ఇంటికి ఒక్క నెమలే. ఆ ఒక్క విసురుకే మిట్టమధ్యాహ్నం ఎలుగుబంటికి కునుకు పట్టాలి. పడితేనే ఆ ఇంట్లో ఎవరైనా దిగాలి. ఎలా కట్టాలో నేను నేర్పిస్తాను."

అడవిలో ఎలుగుబంటికున్నంత బొచ్చు ఇంకెవరికీ లేదు మరి. ఆయనకు చల్లగా ఉంటే అందరికీ చల్లగా ఉన్నట్టే.

ముళ్ళపంది పోలయ్య రోజూ వెళ్ళి నేర్చుకున్నాడు. గుమ్మం ఉత్తరానికి తిప్పాడు, గోడలు మందంగా పెట్టాడు, పగుళ్ళు మెత్తాడు. నక్క గవరయ్య ఒక్కరోజు వెళ్ళి, ఆవులించి వచ్చేశాడు.

"అంత మట్టి ఎవడు మోస్తాడోయ్ పోలయ్యా?"

"మనమే బావా. ఇప్పుడైతే ఒళ్ళు వంగుతుంది. ఎండలొచ్చాక ఏం చేస్తావ్?"

"అప్పటికి చూసుకుందాంలే!"

ఎండలు రానే వచ్చాయి. గవరయ్య పల్చటి గోడల ఇల్లు లేపి, ముందు అందంగా ముగ్గు పెట్టాడు. ఆ ముగ్గు చూసి కుందేలు చిట్టెమ్మ ఆగింది. ఆమెకు నెలలు నిండాయి. పోయినేడు పాత బొరియలో ఉడుక్కి పుట్టిన పిల్లల్లో ఒక్కటీ దక్కలేదు.

"అన్నా, నిజంగా చల్లగా ఉంటుందా? ఈసారి కూడా పోగొట్టుకుంటే నేను తట్టుకోలేను."

"నీ పిల్లలు నాకు మేనల్లుళ్ళు కారటమ్మా? రేపు ఎలుగు పెద్దయ్య పడుకుంటాడు, నువ్వే చూడు."

ఆ సాయంత్రమే గవరయ్య వెనక గోడ అవతల చీకటి గది ఒకటి తవ్వి, నాలుగు నెమళ్ళను అందులో దాచి, గోడకు కన్నాలు పెట్టాడు. "విసరండి. నోరు మాత్రం ఎత్తకండి" అన్నాడు. మర్నాడు మధ్యాహ్నం, ఇంకాస్త చల్లబడుతుందని, గోడల మీద కడవలతో నీళ్ళు కుమ్మరించాడు.

ఎలుగుబంటి లోపలికొచ్చి వెల్లకిలా పడుకున్నాడు. ఎదురుగా ఒక్క నెమలి విసురుతోంది. ఎటునుంచో తెలియని గాలి హాయిగా తగిలింది. ఆయన కళ్ళు బరువెక్కాయి. కలలో ఇప్పపూలు మెల్లగా రాలుతున్నాయి, తేనె వాగై పారుతోంది, ఆయన అందులో తేలిపోతున్నాడు. గుమ్మంలో చిట్టెమ్మకు కళ్ళు చెమర్చాయి. పక్క వేసుకోవడానికి మెత్తటి గడ్డి తెచ్చుకుందామని లేచింది.

అంతలో కాలిన మట్టి తడిసిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. చీకట్లో ఉన్న నెమళ్ళకు ఎండ కనబడదు, వాసన మాత్రం తెలిసింది. తొలకరి! అంతే, గవరయ్యా గుర్తులేడు, మాటా గుర్తులేదు. గొంతెత్తి కూశాయి, పింఛాలు విప్పి ఆడాయి. నానిన గోడ దబ్బున కూలింది. నాలుగు నెమళ్ళూ ఆడుకుంటూ వచ్చి ఎలుగుబంటి పొట్ట మీద పడ్డాయి.

"గవరయ్యా! ఒక్క నెమలన్నావ్?"

"వీళ్ళు చుట్టాలు పెద్దయ్యా. చూసిపోదామని వచ్చారు."

"గోడలోంచా?"

నెమళ్ళు బయటికి పరుగెత్తి తలలెత్తి చూశాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. వాటిని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

ఎలుగుబంటి మర్నాడు పోలయ్య ఇంట్లో పడుకున్నాడు. ఒక్క నెమలి, అదీ తీరిగ్గా విసిరింది. పొద్దు వాలినా ఆయన లేవలేదు. గుమ్మంలో కనిపెట్టుకుని కూర్చున్న చిట్టెమ్మ ఆయన లేచేదాకా ఆగలేకపోయింది. ఓ మూల చేరి, ఆ చల్లదనంలోనే ప్రసవించింది. పిల్లలన్నీ కదిలాయి.

సాయంత్రం గవరయ్య నాలుక వేలాడేసుకుని, తన తోకతో తనే విసురుకుంటూ వచ్చాడు.

"పోలయ్యా, లోపల కాస్త చోటుందా?"

"ష్, పసివాళ్ళు పడుకున్నారు బావా. చలికాలంలో మట్టి మోయడానికి రా, నీకూ ఒకటి కడదాం."

వేసవిలో చల్లగా నిద్రపోవాలనుకునేవాడు చలికాలంలోనే చెమటోడ్చాలి.