జానెడు ఖాళీ

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే మరీ ఊరు కాదులే, బస్సు డ్రైవరు ఒక్కసారి తుమ్మేలోపు దాటిపోయేంత ఊళ్ళో, ఒక హైస్కూలు ఉండేది. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కోవే బుజ్జమ్మా, చెబుతాను. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగిపోతుంది, ఆ తర్వాత నన్నడగకు.

ఆ హైస్కూలుకి ఒక గోడ ఉండేది. ఎంత పొడుగు గోడంటే, ఆ చివర బయల్దేరిన ఆరో తరగతి పిల్ల ఈ చివరికి వచ్చేసరికి ఏడో తరగతి పాసైపోయేది. ఆ గోడ మీద పిల్లలు ప్రతి శనివారం ఒక పత్రిక అంటించేవాళ్ళు. గోడపత్రిక అన్నమాట. నాలుగు డ్రాయింగు కాగితాలు పక్కపక్కన కలిపి, వాటి మీద బడి వార్తలు, రెండు బొమ్మలు, ఒక పొడుపుకథ.

వార్తలు రాసేది తొమ్మిదో తరగతి మంగతాయారు. నీలం సిరాతో రాసేది. ఆ సిరా కలాన్ని ఇంకెవరూ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మూడు రోజులు మాట్లాడదు.

అంటించేది నాగరత్నం. మైదాపిండి ఉడకేసి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం వేసి, జిగురు చేసేది. ఆ జిగురుకి ఒకసారి కాకి అంటుకుంటే పాపం పరీక్షల దాకా అక్కడే ఉండిపోయింది. పాత కాగితాన్ని ఊడదియ్యడం మనిషి వల్ల అయ్యే పని కాదు కాబట్టి, ప్రతి వారం కొత్త పత్రికని పాతదాని మీదే అంటించేసేది.

మూడోది మస్తానమ్మ. దాని పని తప్పులు పట్టడం. ఆ పని ఎవరూ ఇవ్వలేదు, అదే తీసుకుంది.

ఆ పత్రికకి ఒక పద్ధతి ఉండేది. ప్రతి వార్త కింద జానెడు ఖాళీ వదలాలి. గోడకి మేకు కొట్టి, దారంతో ఒక పెన్సిలు కట్టి ఉంచారు. వార్తలో తప్పుందనుకుంటే ఎవరైనా సరే ఆ ఖాళీలో రాసి పేరు పెట్టొచ్చు. ఎవరు పెట్టిన పద్ధతో తెలీదు గానీ, మంగతాయారుకి మాత్రం అది పంటి కింద రాయిలా ఉండేది.

ఎందుకంటే మంగతాయారుకి ఉన్నది ఉన్నట్టు రాస్తే చెయ్యి నొప్పి పుట్టేది.

ఒక శనివారం, "నీళ్ళ తొట్టిలో ఇరవై అడుగుల కొండచిలువ" అని రాసింది. సాయంత్రానికి కింద పెన్సిలుతో, "జానెడు నీరుకట్టె పాము. నేనే పుల్లతో తీసి పారేశా. మస్తానమ్మ."

ఆ తర్వాతి శనివారం, "కబడ్డీలో పక్క ఊరిని మట్టి కరిపించాం" అని రాసింది. కింద, "వాళ్ళు రాలేదు. బస్సు తప్పిపోయింది. మస్తానమ్మ."

ఆ తర్వాతి శనివారం, "మధ్యాహ్న భోజనంలో అమృతం లాంటి సాంబారు." కింద, "అందులో పప్పు లేదు. మస్తానమ్మ." దాని కింద ఇంకెవరో, "ఉంది. ఒక బద్ద. నా కంచంలో పడింది."

నవ్వకే, ఊఁ కొట్టు.

అప్పుడు ఏమైందంటే, ఆ ఊళ్ళో రైసు మిల్లు కోటయ్య గారి కన్ను ఆ గోడ మీద పడింది. బడి మొత్తానికి సున్నం వేయిస్తాను, ఆ ఒక్క గోడ మీద నా మిల్లు పేరు రాసుకోనివ్వండి అన్నాడు. హెడ్మాస్టరు పరంధామయ్య గారికి సున్నం అంటే ప్రాణం. కానీ పిల్లల మొహాలు చూసి తటపటాయించాడు.

ఆ వారమే జిల్లా నుంచి కబురొచ్చింది. బడి పత్రికలకి పోటీ పెడుతున్నారు, ఏడాది సంచికలన్నీ పట్టుకుని రావాలి. మంచి వార్తకి ఒక బహుమతి, మంచి బొమ్మకి ఒకటి, మంచి దస్తూరీకి ఒకటి. అడుగున ఇంకోటి కూడా ఉంది, పాఠకుల మాటకి అని. దాన్ని మన పిల్లలు చదివారు, పక్కన పెట్టారు.

"ఏదో ఒక బహుమతి తెచ్చారా, గోడ మీది," అన్నాడు పరంధామయ్య గారు. "ఉత్త చేతులతో వచ్చారా, గోడ కోటయ్య గారిది. మళ్ళీ నా గది ముందుకొచ్చి ముక్కులు చీదకూడదు."

అప్పుడు ముగ్గురూ గోడ ముందు నిలబడ్డారు. ఏడాది సంచికలూ అక్కడే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. మంచం మీద పరుపంత మందం. నేనేం పెంచి చెప్పట్లేదు. సరే, పరుపు కాకపోతే బొంత.

"దీన్ని విడదీసేది ఎట్లా?" అంది నాగరత్నం.

"విడదియ్యొద్దు," అంది మంగతాయారు. "మొత్తం ఒకే పలకలా ఊడబెరుకుదాం. పైన కొత్త సంచిక ఒకటి అంటిద్దాం, బంగారంలాంటిది. లోపలివి ఎవరు చూస్తారు? మందం చూసి ఏడాది అయిందని నమ్ముతారు."

"లోపలివి చూస్తే నీకేం?" అంది నాగరత్నం.

"నీకు తెలీదా, లోపలంతా దీని పెన్సిలు గీతలే," అని మస్తానమ్మ వైపు గడ్డం ఎగరేసింది.

ఆ రాత్రే మంగతాయారు కొత్త సంచిక రాసింది. అంచులకి పూలు, తలమీద సూర్యుడు, దస్తూరీ ముత్యాలు గుచ్చినట్టు. బడిలో చేరిన పిల్లలందరూ మేధావులే అని ఒక వార్త, బోరింగులో నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయని ఇంకో వార్త. పొద్దున మస్తానమ్మ వచ్చి పై నుంచి కింది దాకా చూసింది.

"ఖాళీ ఏదే?"

"బహుమతికి పోయే పత్రికకి ఖాళీ ఉండదు."

"మరి తప్పుంటే?"

"ఉండదు అన్నానుగా."

మస్తానమ్మ మేకుకున్న పెన్సిలు తెంపుకుని జడలో దోపుకుంది.

ఆ తర్వాత కొత్త సంచికని పైన అంటించి, పలకని ఊడబెరికారు. బడి బడంతా పట్టుకుని లాగారు. తొమ్మిదో తరగతి లాగితే కదల్లేదు. పదో తరగతి కలిసి లాగితే కిర్రుమంది. వంటావిడ కూడా వచ్చి చెయ్యేస్తే అప్పుడు ఊడింది, గోడ సున్నం పెచ్చులతో సహా. అందరూ వెల్లకిలా పడ్డారు. పక్క ఊళ్ళో భూకంపం అనుకుని జనం బయటికి వచ్చారట.

పలకని బస్సు మీదికెక్కించారు. కండక్టరు దానికి అర టిక్కెట్టు కొట్టాడు. బస్టాండులో ఒకాయన మంచం చెక్క అనుకుని ధర అడిగాడు. జిల్లా ఆఫీసు మెట్ల దగ్గర ఒక మేక వాసన చూసి, మైలుతుత్తం ఘాటుకి తుమ్మి తుమ్మి దాని గంట ఊడిపోయింది. మొత్తానికి చేరారు.

పత్రికలు తెచ్చిన బడులు చాలా ఉన్నాయి. ఒకళ్ళవి అట్ట వేసిన పుస్తకాలు, ఒకళ్ళవి అచ్చు వేసినవి, దారం కుట్టినవి. మనవాళ్ళది మాత్రం గోడకి ఆనించి నిలబెట్టారు, తలుపు పెట్టినట్టు.

ముగ్గురు పెద్దలు చూడ్డానికి వచ్చారు. వార్తలు చూసేవాడికి మీసాలు, ఎంత మీసాలంటే ఆయన వచ్చిన కాసేపటికి గదిలోకి వచ్చేవి. బొమ్మలు చూసేవాడు డ్రాయింగు మాస్టారు. మూడో ఆవిడ శ్యామలాంబ గారు, పేపరాఫీసులో తల నెరిసేదాకా పనిచేసింది. మంగతాయారు సంచిక చూసి ముగ్గురూ తలలూపారు. మంగతాయారుకి అప్పుడే బహుమతి చేతిలో పడ్డట్టుంది.

శ్యామలాంబ గారు పలక అంచు మీద గోరుతో గీరింది.

"ఏడాదివన్నీ తెమ్మన్నాం. ఇది ఒక్కటేగా కనిపిస్తోంది."

"లోపల ఉన్నాయండి," అంది నాగరత్నం. "అంటుకుపోయాయి."

"అయితే విడదీద్దాం. బాబూ, ఒక బకెట్టు నీళ్ళు, పాత గుడ్డ."

మంగతాయారు అడ్డం పోబోయింది. పోయి ఏమని చెబుతుంది? అక్కడే నిలబడిపోయింది.

తడిగుడ్డ పెట్టి తుడుస్తుంటే పొర తర్వాత పొర ఊడి వచ్చింది. అయితే బుజ్జమ్మా, మంగతాయారు సిరా మామూలు సిరా. నీళ్ళు తగలగానే జారిపోయింది. బంగారంలాంటి సంచిక, పూలు, సూర్యుడు, మేధావులు, అన్నీ కారి బకెట్టులో పడ్డాయి. కొండచిలువ కారిపోయింది. అమృతం సాంబారు కారిపోయింది. బకెట్టు నీళ్ళు చాకలి నీలిమందు కలిపినట్టయ్యాయి. ఆ నీళ్ళు కాలవలో పారబోస్తే జిల్లా సగం నీలంగా మారింది.

మీసాలాయన, "వార్త ఏది? చదవడానికి ఒక్క అక్షరం లేదు," అని కలం మూసేశాడు. డ్రాయింగు మాస్టారు, "బొమ్మ లేదు," అన్నాడు. ఇద్దరూ కలిసి, "దస్తూరీ అసలే లేదు," అన్నారు. మూడూ పోయాయి.

మంగతాయారు కళ్ళ ముందు ఆ గోడ కనిపించింది. దాని మీద ఎర్ర రంగుతో కోటయ్య గారి మిల్లు పేరు కనిపించింది. శనివారాలు వస్తాయి, అంటించడానికి చోటుండదు. అది ఏడవలేదు. ఏడిస్తే తేలిక, అది అంతకంటే కష్టంగా నిలబడింది.

శ్యామలాంబ గారు మాత్రం కదల్లేదు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, తెల్లబడిన కాగితాల మీద వంగింది. సిరా పోయింది గానీ, పెన్సిలు పోలేదు. పెన్సిలు నీళ్ళకి లొంగదు. ప్రతి కాగితం మీదా జానెడు జానెడు చోట్ల రాతలు అలాగే ఉన్నాయి.

ఆవిడ కాగితాల్ని పాతవి ముందు, కొత్తవి తర్వాత పరిచి, పైకే చదివింది.

"బోరింగు బాగైందని రాశారు. బాగవలేదు. ఇప్పుడే కొట్టి వచ్చా. మస్తానమ్మ."

తర్వాతి వారం, "ఇంకా రాలేదు. చెయ్యి నొప్పి పుట్టింది. ఆరు బి."

తర్వాతి వారం, "ఇవాళ ఒక చుక్క వచ్చింది. అది వాన చుక్క."

తర్వాత పెద్ద అక్షరాలతో, "రేపు మనిషిని పిలిపిస్తాను. హెడ్మాస్టరు." దాని పక్కనే సన్నగా, "రేపు నిన్ననే అయిపోయింది సార్."

ఆ తర్వాత, "మనిషి వచ్చాడు. టీ తాగి వెళ్ళాడు."

చివరికి, "నీళ్ళు వచ్చాయి. చల్లగా ఉన్నాయి. అందరూ తాగండి. మస్తానమ్మ."

అప్పటికి మీసాలాయన కూడా వంగి చదువుతున్నాడు. మీసాలు తడిసిపోయినా లేవలేదు.

"ఇవి ఎవరు రాశారమ్మా?" అంది శ్యామలాంబ గారు.

నాగరత్నం మస్తానమ్మని చూసింది. మస్తానమ్మ మంగతాయారుని చూసింది. నేనే అనొచ్చు, అనలేదు.

"చదివినవాళ్ళందరం అండి," అంది. "మా పత్రికలో ఖాళీ ఉంటుంది."

"ఖాళీ వదిలేది ఎవరు?"

గదిలో అందరూ మంగతాయారు వైపు తిరిగారు.

"నేనేనండి. ప్రతి వారం వదిలాను. ఈ ఒక్క వారం వదల్లేదు."

"అందుకే ఈ ఒక్క కాగితమే ఉత్త తెల్లగా మిగిలింది," అంది ఆవిడ. బహుమతుల జాబితా తీసుకుని, పాఠకుల మాట అని ఉన్న చోట ఆ ఊరి పేరు రాసింది. ఆ బహుమతికి ఆ రోజు ఇంకెవరూ పోటీకి రాలేదట. పోనీలే, బహుమతి బహుమతే.

ఇచ్చింది ఇత్తడి షీల్డు. ఏనుగంత ఉంది. ఏనుగు పిల్లంత అనుకో. బస్సులో మంగతాయారు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చాలా దూరం పోయాక మస్తానమ్మ జడలోంచి పెన్సిలు తీసి దాని చేతికిచ్చింది.

"మేకుకి కట్టెయ్."

"నువ్వే కట్టుకో. నాకు ముడి పడదు," అంది మంగతాయారు. అయినా తీసుకుంది.

పరంధామయ్య గారు మాట తప్పలేదు. గోడ పిల్లలకే ఉంది, సున్నం లేకపోయినా. కోటయ్య గారు రోడ్డు వైపు తన సొంత ప్రహరీ మీదే రాయించుకున్నాడు, "మా బియ్యంలో రాయి ఉండదు" అని. సోమవారానికి దాని కింద ఎవరో పెన్సిలుతో, "నిన్న రెండొచ్చాయి" అని రాశారు. అలవాటు పాకిపోయింది మరి.

ఆ శనివారం మంగతాయారు కొత్త పత్రిక రాసింది. అలవాటు ఎక్కడికి పోతుంది? "వెయ్యి బడులు తలపడిన పోటీలో మనదే బహుమతి" అని నీలం సిరాతో తాటికాయలంత అక్షరాలు. కింద జానెడు ఖాళీ వదిలింది. ఈసారి కొలిచి మరీ వదిలింది.

సాయంత్రానికి అక్కడ, "పదకొండు బడులు. నేను లెక్కపెట్టా. మస్తానమ్మ."

మర్నాడు పొద్దున దాని కింద ఇంకో పెన్సిలు రాత ఉంది. ముత్యాలు గుచ్చినట్టుంది.

"పన్నెండు. మనల్ని లెక్కపెట్టడం మర్చిపోయావు. మంగతాయారు."

ఊఁ ఏదే? నిద్రపోయావా? సరే విను, లేకపోతే కలలో విను.

కథేమో కంచి బస్సెక్కింది,
మనకేమో దుప్పటి దక్కింది.
పెంచింది నా నోరే పెంచింది,
జానెడు ఖాళీ నీకుంచింది.