కిరీటం మారని రాజులు

ఇది నమ్మనివాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్లవచ్చు. సగం విన్నాక తల అడ్డంగా ఊపితే మాత్రం ఒప్పుకునేది లేదు.

రామజోగి మాస్టారు వారమంతా కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవారు. ఆదివారం మధ్యాహ్నం పద్యనాటకాల రిహార్సల్లో హార్మోనియం పట్టేవారు. ఆయన మెట్లు నొక్కితే హాల్లో ఆగిపోయిన ఫ్యాన్లు సైతం తిరిగేవి.

ఆయన శిష్యురాలు సువర్చల బడిపిల్లల కోసం ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేసింది. పిల్లలు అందులో తమకు తోచిన కొత్త వస్తువులు పుట్టించవచ్చు: చేప, రాకెట్, దయ్యం. చిక్కల్లా వేగంతోనే. ఏ వస్తువుకైనా "కదులు" అని చెబితే, అదెలా కదలాలో ఆ భాష ప్రతిసారీ పట్టికలన్నీ మొదటినుంచీ వెతుక్కునేది. సోమవారం పరీక్షకు పెట్టాలి. నత్తనడక నడిస్తే రెండేళ్ల కష్టం చెత్తబుట్టలోకే.

"పిల్లలు కొత్తవి పుట్టించకుండా తలుపు మూసేస్తే పరిగెడుతుంది మాస్టారూ. మూసెయ్యనా?" అని అడిగింది.

ఆయన ఆమెను రిహార్సల్లో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మన నాటకాల్లో ఒకే వేషం అంకానికొకరు కడతారు కదా. మొదటి రాజు వచ్చాడు. మాస్టారు అతని శ్రుతి ఒక్కసారే అడిగారు. ఆపైన అతను పద్యం వెనక పద్యం ఎత్తుకున్నా, అతని మొహం మీద ఓరచూపు ఒకటి విసిరి వాయించుకుపోయారు. అంకం మారింది. అదే కిరీటంతో రెండో రాజు దిగాడు. ఇప్పుడు శ్రుతి తప్పుతుందని సువర్చల బిగుసుకుపోయింది.

మాస్టారు ఆమెవైపు వంగి, "కిరీటం అదే. మొహం అదేనా?" అన్నారు.

ఆయన వేళ్లు రెప్పపాటు ఆగాయి. రెండో రాజు తన శ్రుతి చెప్పాడు. రాగం అందుకుంది, ఇక మాస్టారు మళ్లీ అడగలేదు. సువర్చల గుండెల మీంచి కొండ దిగింది. చెప్పులు మరిచి ఇంటికి పరుగెత్తింది.

సోమవారం ఆమె భాష గాలిని వెనక్కి నెట్టింది: "కదులు" అనగానే వస్తువు మొహం చూసి, పాతదే అయితే ముందు దొరికిన జవాబే వాడుకుంది, మొహం మారితేనే పట్టికలు వెతికింది. తలుపూ బార్లా తెరిచే ఉంది; పరీక్షకులే కూర్చుని కొత్త దయ్యాలను పుట్టించారు. సాయంత్రం ఆమె కళ్లు తుడుచుకుంటూ వచ్చి, మీరు చెప్పిన ఉపాయమే కాపాడింది అంది.

"నేనేం చెప్పానమ్మా? మొహం చూశాను, అంతే," అన్నారు మాస్టారు.

ఇంకా అనుమానమా? ఆ రెండో రాజునే అడగండి. పేరు గుడిమెట్ల సత్యానందం.